రాయదుర్గం పెట్టె, యలహంక ఆకాశం

పామిడి,
కార్తీక సోమవారం, నవంబరు 2002

చిరంజీవి తిప్పేషుకు,

అన్న ఓబుళేసు ఆశీర్వాదాలు. మా క్షేమం ఎట్లుందో ఎండిన పెన్న ఇసుకను అడుగు. నీ క్షేమం ఎట్లుందో రామక్కత్త వచ్చి, మా అరుగు మీద కూర్చొని, ఊరంతా వినేటట్టు చెప్పిపోయింది.

"ఓబుళేసూ, నీ తమ్ముడు రాయదుర్గంలో మిద్దె మీద రేకుల పెట్టె కట్టుకోని, దాంట్లో కూసోని ఇమానం తోల్తాండాడప్పా! తలుపేసుకుంటాడు, కాళ్ళాడిస్తాడు, ఇంగ్లీషులో ఏమో గొణుగుతాడు. ఇమానం మాత్రం ఒక జానెడు కూడా కదల్దు. తాయెత్తు కట్టించు."

నవ్వినవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మూడో తరగతితో బడి మానినవాణ్ణి నేను. అక్షరం అక్షరం కూడబలుక్కుని పురాణం నేర్చాను. నాకు తెలిసింది ఒకటే. ఈ లోకమే మాయ. ఆ మాయలో కూర్చొని నువ్వు ఇంకో మాయను బిగించుకున్నావు. అద్దంలో కనబడే సంగటి ముద్దకు చెయ్యి చాపితే కడుపు నిండుతుందారా? ఇక్కడ ఉన్న ఆకాశంలో మబ్బు లేక చెనక్కాయ చేలు మాడి, మేము ఆంజనేయస్వామి గుడి ముందర వాన కోసం పురాణం పెట్టుకున్నాం. అక్కడ నువ్వేమో లేని ఆకాశంలో మబ్బులు దాటుతున్నావు!

పైగా కార్డు ముక్క రాశావు. ఫిబ్రవరిలో బెంగుళూరు దగ్గర యలహంకలో నిజం విమానాలు ఎగరేసి చూపిస్తారట, "ఎవరు వచ్చినా రాకపోయినా నువ్వు రావాలన్నా" అట. నేనెందుకురా? విమానం ఏ పనికి వచ్చిందో శాస్త్రం ఏనాడో చెప్పింది. సీతమ్మను ఎత్తుకుపోవడానికి వచ్చింది. ఆనాడు దానికి అడ్డం పోయింది ఒక ముసలి పక్షి. నేను ఆ పక్షి పక్షం. విమానాల పక్షం కాదు.

నీతో కలిసి ఆ పెట్టె కట్టిన బసప్ప ఉన్నాడుగా, వాణ్ణి తీసుకుపో. కళ్ళుండీ గుడ్డివాడివయ్యావు తిప్పేషూ. గుడ్డివాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని పోండి.

మీ వదిన రామాంజినమ్మ చెనక్కాయ పొడి పంపుతోంది. మరదలు చౌడేశ్వరిని అడిగానని చెప్పు.

ఓబుళేసు

*

రాయదుర్గం,
డిసెంబరు 2002

అన్నకు తిప్పేషు నమస్కారాలు.

పొడి అందింది. తిట్లూ అందాయి. రెండూ ఘాటుగానే ఉన్నాయి.

పెట్టె సంగతి ముందు చెప్తాను. బసప్ప టైపింగు సెంటరులో పాతబడిన కంప్యూటర్ ఒకటి పక్కన పడేస్తే, దాన్ని మిద్దె మీదకు మోశాం. అందులో విమానం నడపడం నేర్పే ఆట ఉంది. ముక్కున ఒక్క పంకా ఉండే చిన్న విమానం, కొత్తగా నేర్చుకునేవాళ్ళు నడిపేది. దాని బొమ్మ ఒకటి బసప్ప ఏదో పుస్తకంలోంచి చించుకొచ్చాడు. ఆ బొమ్మ చూసి ఆటో సీటు వేశాం, రేకులు వంచి ముందు పలక చేశాం, మీటలు బిగించాం. బొమ్మలో నడుము వరకే ఉంది, కాళ్ళ దగ్గర ఏముంటుందో లేదు. తోక మీద చుక్కానిని కాళ్ళతో తిప్పాలని మాత్రం తెలుసు. జీన్సు కుట్టే యూనిట్లలో మిషన్లు బాగుచేసేవాణ్ణి కదా, నాకు తట్టిందే చేశాను. పాత కుట్టుమిషన్ తొక్కుడు పలక తెచ్చి, దాని ఇరుసుకు రేడియోలో సద్దు పెంచే మర బిగించాను. కాలి వేళ్ళతో నొక్కితే విమానం కుడికి, మడమతో నొక్కితే ఎడమకు. రెండేళ్ళ నుంచి అట్లే తోలుతున్నాను.

నువ్వు రాసిన ఒక మాట దగ్గర చౌడేశ్వరి చదవడం ఆపి, ఉత్తరం బోర్లించి లోపలికి వెళ్ళింది. నువ్వు తెలిసి రాసింది కాదు. నేను చెప్పలేదు కాబట్టి నీకు తెలియదు.

చిన్నప్పుడు సందెవేళ నేను గొర్రెల మంద మధ్యలో నడవలేక పడిపోతే, "రేచీకటి నా కొడుకు" అని నవ్వేవాళ్ళు, గుర్తుందా? అది రేచీకటి ఒక్కటే కాదంట. కంటి వెనక నరాల తెర అంచుల నుంచి ఎండుకుంటూ వస్తోందంట. బళ్ళారిలో చూపించాను, బెంగుళూరులో చూపించాను. మందు లేదు, ఆపరేషను లేదు. "ఉన్న చూపుతో చూడాలనుకున్నవి చూసుకో" అన్నాడు డాక్టరు. మంచివాడే, అందుకే అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు నాకు లోకం గొట్టంలోంచి చూసినట్టుంటుంది. నీ ముఖం చూస్తే నీ చెవులు కనబడవు. సూది కింద పడితే చౌడేశ్వరిని పిలవాలి. ఆ పెట్టెలో ఎందుకు కూర్చుంటానో ఇప్పుడు అర్థమైందా? ఆ కంప్యూటర్ అద్దం చేటంతే ఉంటుంది. అందులో ఆకాశం మొత్తం నా గొట్టంలో పడుతుంది. నాకు పూర్తిగా కనబడే ఆకాశం ఇక అదొక్కటే.

నిజం విమానాన్ని ఒక్కసారి చూడాలి. కానీ నిజం ఆకాశం పెద్దది, నేను వెతికేలోపల పోతుంది. బసప్పకు ఈ సంగతి చెప్పలేదు. చెప్తే నన్ను కూర్చోబెట్టి తానే తోలుతాడు. అందుకే నువ్వు కావాలి. మన వంశంలో నోరు ఉన్నవాడివి నువ్వే. పక్కన నిలబడి, ఎక్కడుందో, ఎట్లుందో నువ్వు చెప్తుంటే నేను ఆ వైపు తిరుగుతాను.

వస్తావా అన్నా?

తిప్పేషు

*

పామిడి,
డిసెంబరు 2002

ఒరే తిప్పేషూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు సంచిలోంచి పురాణం తీసి తెరిచాను. ఎక్కడ తెరిచినా ఏదో ఒక మాట దొరికేది నాకు. ఆ రోజు అక్షరాలు అక్షరాల్లాగే ఉన్నాయి. మూశాను.

తర్వాత దేవుడితో తగాదా పెట్టుకున్నాను. గుడి తలుపు పట్టుకొని అడిగాను. "సామీ, ఈ జిల్లాకు వానలు ఆపినావు, సరే అనుకున్న్యాం. ఏటిని ఎండబెట్టినావు, సరే అనుకున్న్యాం. ఇప్పుడు నా తమ్ముని కళ్ళు కూడా ఎండబెట్టల్నా? నీకు ఇంకేం దొరకలేదా?" పూజారి కదిరప్ప నా భుజం పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు.

పొన్నగంటి ఆకు రోజూ తిను. తేనె చుక్క వేసుకో. లేపాక్షికి పోయి నందికి మొక్కి వచ్చాను, నీ చూపు నిలిస్తే వీరభద్రుడి ముందర నిప్పుల గుండం తొక్కుతానని. డాక్టరు మాట డాక్టరుది. దేవుడి మాట ఇంకా రాలేదు.

వస్తాను. నోరు కావాలన్నావు కదా, తెస్తాను.

జటాయువుకు ఒక అన్న ఉన్నాడు, సంపాతి. చిన్నప్పుడు తమ్ముడు సూర్యుడి దగ్గరికి ఎగిరిపోతే, తన రెక్కలు అడ్డం పెట్టి తమ్ముణ్ణి కాపాడి, తాను కాలిపోయాడు. రెక్కలు పోయినా చూపు పోలేదు. సముద్రం ఒడ్డున కూర్చొని, నూరు యోజనాల అవతల సీతమ్మ ఎక్కడుందో చూసి చెప్పాడు. చూడలేనివాళ్ళకు చూసి చెప్పడమే అన్న పని. అది నేను చేస్తాను. ఒక్క విమానం కూడా నీకు దక్కకుండా పోనివ్వను.

సాధన కూడా మొదలుపెట్టాను. సాయంత్రం వంతెన మీద నిలబడి గద్దల్ని చూస్తూ మీ వదినకు చెప్తున్నాను. ఆమె కళ్ళు మూసుకొని వింటుంది. నిన్న "అదిగో గరుత్మంతుని వంశజుడు, స్వర్ణవర్ణ పక్షములు విప్పి..." అని ఎత్తుకున్నాను. ఆమె కళ్ళు తెరిచి, "యాడుండాది? నువ్వు వంశం చెప్పేలోపల అది కోడిపిల్లను తన్నుకోని పాయె" అంది.

నేర్చుకుంటాను. ఇంకా రెండు నెలలు ఉంది.

నీ అన్న
ఓబుళేసు

*

రాయదుర్గం,
జనవరి 2003

అన్నా,

నిప్పులు తొక్కే మొక్కు ఎందుకు పెట్టుకున్నావు? వచ్చేటప్పుడు నీ కాళ్ళు బాగుండాలి, నన్ను నడిపించాలి కదా.

పొన్నగంటి ఆకు తింటున్నాను. చౌడేశ్వరి వేపుడు చేస్తుంది, పప్పులో వేస్తుంది, చివరికి రొట్టెలో కూడా పెట్టింది. నేనే గొర్రెనైపోయేటట్టున్నాను.

నీకు కొంచెం పాఠం చెప్తాను. గరుత్మంతుడు వద్దు. నాలుగు సంగతులు చూడు చాలు. ఎటునుంచి వస్తోంది, ముక్కు పైకుందా కిందకుందా, రెక్కలు ఒక పక్కకు వంగాయా, పొగ ఉందా. ముందు దిక్కు చెప్పు. "తూర్పు" అంటే తిరుగుతాను. మిగతాది నేను తెలుసుకుంటాను.

యూనిట్లో ఒక మాట జరిగింది. సూది వంకరగా బిగించానట, బట్ట చిరిగింది. మేస్త్రి ఆ బట్ట తీసి పక్కన పెట్టాడు. మరునాడు నన్ను ప్యాకింగులోకి మార్చాడు. ప్యాంట్లు మడిచి కవరులో పెట్టడం, అంతే. చేతులు చేసుకుపోతాయి. బసప్పతో "విసుగొచ్చి నేనే అడిగి మారినా" అని చెప్పాను. వాడు నమ్మాడు. "మంచిదేలేరా, ఇంక పెట్టెకు టైం దొరుకుతాది" అని సంతోషపడ్డాడు. వాడి సంతోషం చూసి ముఖం తిప్పుకున్నాను.

అనంతపురం బస్టాండులో తెల్లవారుజామున కలుద్దాం, బసప్ప కూడా వస్తున్నాడు. బెంగుళూరు బస్సు యలహంక మైదానం ముందరి నుంచే పోతుంది. నా గొట్టం కొంచెం సన్నబడింది. ఫిబ్రవరి వరకు ఆగుతుందిలే.

తిప్పేషు

*

పామిడి,
ఫిబ్రవరి 2003

తిప్పేషూ,

యలహంక నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను మాట్లాడలేదు. అనంతపురంలో దిగి కూడా మాట్లాడలేదు. నువ్వు "పోయొస్తానన్నా" అంటే తల ఊపాను. తల ఊపింది నీకు కనబడి ఉండదని ఇంటికి వచ్చాక తట్టింది. అందుకే రాస్తున్నాను.

ఆ మైదానంలో నిలబడ్డప్పుడు నా గుండె నిండా బలం ఉంది. నీ కుడి భుజం మీద నా చెయ్యి, ఎడమ పక్క బసప్ప. మొదటిది వచ్చింది. వచ్చింది అని ఎట్లా అనను? ఆకాశంలో ఒక గీత కనబడింది, నేను "తూర్..." అన్నాను, అది పడమట ఉంది. ఆ తర్వాత పిడుగు పడినట్టు చప్పుడు. నువ్వు చప్పుడు వచ్చిన వైపు తిరిగావు. విమానం అక్కడ లేదు.

"యాడన్నా?"

"పోయిందప్పా."

రెండోది. "ఎటు?" "పోయిందప్పా." మూడోది మన వెనక నుంచి నెత్తి మీదుగా వచ్చింది. నేను నోరు తెరిచేసరికి అది చుక్కంత అయింది. మన ముందరి హిందూపురం ఆయన వెనక్కి తిరిగి, "ఏం సామీ, అన్నీ పోయినాక చెప్తాండావే, ఒగటన్నా రాకముందు చెప్పు!" అంటే చుట్టూ అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నవ్వుతూనే తల అటూ ఇటూ తిప్పుతున్నావు, బావిలో పడిన కోడి దారి వెతికినట్టు.

జతగా కొన్ని వచ్చి పొగ విడిచాయి. పొగ నిలుస్తుంది కదా, పొగైనా చెప్దామనుకున్నాను. "తెల్ల పొగరా, పామిడి వంతెన అంత పొడుగు..." అన్నాను. నువ్వు ముఖం ఎత్తి వెతికి వెతికి దాని దగ్గరికి వచ్చేలోపల గాలి దాన్ని చెరిపేసింది.

ముప్పై ఏళ్ళుగా గంటలు గంటలు మాట్లాడాను. ఊళ్ళు ఊళ్ళు ఏడిపించాను, నవ్వించాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా నా నోటికి దొరికింది ఒక్క మాట. పోయిందప్పా.

తర్వాత నువ్వు జనం మధ్యలో తాడు చూసుకోక దానికి తట్టుకొని పడ్డావు. బసప్ప మొదట నవ్వాడు, "ఏంరా, పొద్దున్నే ఏసినావా?" అని. నువ్వు లేచి దుమ్ము దులుపుకుంటుంటే వాడు నీ పక్క నుంచి చెయ్యి చాపి, నీ ముఖం దగ్గర అటూ ఇటూ ఊపాడు. నువ్వు కదల్లేదు. బసప్ప చెయ్యి అట్లే గాలిలో ఆగిపోయింది. వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

సంపాతిని అన్నాను కదా. నోరు జారాను. శాస్త్రంలో ఉన్న అన్న వేరు, పామిడిలో ఉన్న అన్న వేరు.

నేల మీద నిలబెట్టిన ఆ చిన్న విమానంలో నిన్ను ఎక్కించినప్పుడు కింద నిలబడి నీ ముఖం చూస్తున్నాను. అంతగా ఎందుకు ఏడ్చావురా?

ఓబుళేసు

*

రాయదుర్గం,
మార్చి 2003

అన్నా,

అది మొదట ఏడుపు కాదు. చెప్తాను.

నేల మీద నిలబెట్టిన విమానాల వరసలో మా పెట్టెలో ఉండే రకం చిన్నది ఉందని బసప్ప చెప్పాడు. వాడి గొంతు అప్పటికే మారిపోయింది. నా మోచెయ్యి పట్టుకొని నడిపించాడు. రెక్క మీద చెయ్యి వేశాను. ఎండకు కాలుతోంది. రేకు అంచు వెంబడి మేకుల తలలు వరసగా, నునుపుగా ఉన్నాయి. ఇంతలో కావలివాడు "ముట్టబేడ్రీ! దూర నిల్రీ!" అని, ముట్టొద్దు దూరం పొమ్మని కన్నడంలో అరిచాడు.

అప్పుడు నీ గొంతు విన్నాను.

నువ్వు దేవుణ్ణి కూడా దబాయించే మనిషివి. మన నాయన పోయినప్పుడు కూడా నువ్వు ఎవరి ముందరా గొంతు తగ్గించలేదు. ఆ కావలి పిల్లగాడితో సగం కన్నడం సగం తెలుగు కలిపి, "అయ్యా, సామీ, నిమ్మ కాలు పట్టుకుంటా, వానికి కన్ను పోతాండాదప్పా, ఒగసారి కూసోనీ, ఏమీ ముట్టడు, నా తమ్ముడు..." అని అంటున్నావు. నువ్వు నిజంగా వాడి కాళ్ళ మీద పడ్డావో లేదో నాకు కనబడలేదు. కనబడనందుకు మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఎవరో పెద్దాయన వచ్చి "ఒక్క నిమిషం" అని ఎక్కించాడు. సీటులో కూర్చున్నాను. చేతులు చాపాను. వేగం పెంచే పిడి, మేము పెట్టిన చోటే ఉంది! రెక్కల వెనక అంచు దించే మీట, ఉంది! చిన్న చక్రం, ఉంది! ఒక్కటీ చూడకుండా అన్నీ దొరికాయి. ఇదంతా మన మిద్దె మీద ఉన్నదే కదా అనుకున్నాను. ఛాతీ ఉబ్బింది.

అప్పుడు కాలు చాపాను, పలక కోసం.

పలక లేదన్నా. రెండున్నాయి. కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి, వేరువేరుగా. ఎడమది తొక్కితే ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. చిన్న పిల్లవాడికి కూడా తోచేది! రెండేళ్ళు నేను వేళ్ళతో, మడమతో, కుట్టుమిషన్ తొక్కాను. కింద నుంచి బసప్ప, "ఎట్లుండాదిరా?" అన్నాడు. "రెండుండాయిరా!" అన్నాను. వాడికి అర్థం కాలేదు. ఇంకోసారి అన్నాను. అప్పుడు అర్థమైంది. "అయ్యో మన బతుకు కాలా, మనం కట్టింది కుట్టుమిషన్రా!" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. నువ్వు ఏడుపనుకొని నా మోకాలు పట్టుకున్నావు. నీ చెయ్యి పడిన తర్వాత సంగతి నాకూ తెలియదు.

ఆకాశంలో ఎగిరినవి ఒక్కటీ నా గొట్టంలో పడలేదు. చౌడేశ్వరికి మాత్రం అన్నీ చూశానని చెప్పాను. నువ్వు ఇటు వస్తే అదే చెప్పు.

తిప్పేషు

*

పామిడి,
శ్రీరామనవమి వెళ్ళాక, ఏప్రిల్ 2003

తిప్పేషూ,

ఈసారి నవమి పురాణం నేను పూర్తిచెయ్యలేదు.

జటాయువు ఘట్టం ఎన్నోసార్లు చెప్పాను. రెక్క తెగినప్పుడు బల్ల గుద్దేవాణ్ణి, ఆడవాళ్ళు ఏడ్చేవాళ్ళు. వెంటనే రాముణ్ణి రప్పించి పక్షికి మోక్షం ఇప్పించేవాణ్ణి, అందరూ కళ్ళు తుడుచుకొని కొబ్బరి ముక్క తిని పోయేవాళ్ళు. ఈసారి పక్షి కింద పడింది. పడి, తల ఎత్తి చూస్తోంది. విమానం దక్షిణానికి పోతోంది. చిన్నదవుతోంది. ఆ పక్షికి ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు. చూడటం ఒక్కటే మిగిలింది. అదీ ఎంతసేపో తెలియదు.

అక్కడ ఆగిపోయాను. జనం చూస్తున్నారు. కదిరప్ప మెల్లగా, "రాముడొస్తాడు కదన్నా, అది చెప్పు" అన్నాడు. "వస్తాడు కదిరప్పా, ఆలస్యంగా వస్తాడు" అన్నాను. "పోయింది" అని ఒక్క మాట పైకి అని, పీట దిగి ఇంటికి వచ్చాను.

మొక్కు అట్లే ఉంది. దేవుడు తన వంతు చెయ్యలేదు, నేను నా వంతు చెయ్యాలా వద్దా తెలియడం లేదు. ధైర్యం చెప్పడానికి కూర్చుంటే నాకే చెప్పేవాళ్ళు లేరు.

ఒక్క సంగతి దాచకుండా రాయి. చూపు ఎంత మిగిలింది?

నీ అన్న

*

రాయదుర్గం,
ఆగస్టు 2003

అన్నా,

దస్తూరి చౌడేశ్వరిది, మాటలు నావి. నువ్వు అడిగినదానికి జవాబు అదే అనుకో. ఎదురుగా వెలుతురు ఉందా లేదా అన్నంత వరకు తెలుస్తుంది. యలహంకలో నేనేమీ చూడలేదని ఈమెకు మొదటి రోజే తెలుసంట. నేను సంబరంగా చెప్తుంటే వింటూ కూర్చుందంట. ఇది రాయొద్దంటే రాస్తోంది.

మొక్కు తీర్చొద్దు. నీ కాళ్ళు నాకు కావాలి.

బసప్ప యలహంక నుంచి వచ్చాక నాతో చాలా రోజులు మాట్లాడలేదు. "అందరికీ చెప్పినావు, నాకు చెప్పలేదు" అని ఒక్కసారి మాత్రం అన్నాడు. పోయిన నెల గ్యాసు వెల్డింగు వాణ్ణి మిద్దె మీదకు తీసుకొచ్చాడు. తొక్కుడు పలకను నడిమికి కోయించాడు. రెండు ముక్కల్నీ వేరువేరుగా నిలబెట్టి, ఒకటి దిగితే ఇంకొకటి లేచేటట్టు కమ్మీ కలిపాడు. "ఇప్పుడు సరిగ్గుండాది, కూసో" అన్నాడు. ఎవరి కోసం సరిచేసినట్టు అని నేను అడగలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం నేను తోలుతాను, వాడు పక్కన కూర్చొని అద్దం చూసి చెప్తాడు. ముక్కు లేచింది, కొండ వచ్చింది, మబ్బు వచ్చింది అని. నిన్న ఎడమకాలు తొక్కి, "తిరిగిందా?" అన్నాను.

"తిరుగుతాండాదిరా, బాగా తిరుగుతాండాది."

అంతలో నెత్తి మీద ఫ్యాను ఆగింది. కంప్యూటర్ హోరు కూడా ఆగింది. వీధిలో పిండిమర ఆగింది. కరెంటు పోయింది. బసప్ప సీటులో ఒకసారి అటూ ఇటూ కదిలాడు. తర్వాత, "మబ్బుల్లోకి వచ్చినాం, అందుకే సద్దు లేదు. కింద ఏరు కనబడతాండాది. నీళ్ళు నిండుగా ఉండాయి" అన్నాడు.

నేను తొక్కుతూనే ఉన్నాను. ఆపితే వాడు ఏం చేస్తాడో తెలియక.

దిగేటప్పుడు వాడి చెయ్యి నా చేతికి తగిలింది. తడిగా ఉంది.

నువ్వు ఎప్పుడు వస్తావు? వచ్చి ఆ పక్క సీటులో కొన్నాళ్ళు కూర్చో. పురాణం వద్దు, ధైర్యం వద్దు. యలహంకలో మధ్యాహ్నం దాకా నాకు చెప్పావే, ఆ మాట చాలు. ఆ రోజు నాకు నిజం చెప్పింది నువ్వొక్కడివే. ఉన్నంతసేపు ఉంది అని చెప్పు. పోయినప్పుడు, పోయిందప్పా అని చెప్పు.

తిప్పేషు